చివరి సీటు విలువ

1970 జనవరిలో పాన్ అమెరికన్ సంస్థ బోయింగ్ 747 విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి మొట్టమొదటిసారి ప్రయాణికులతో ఎగిరింది. అప్పటిదాకా అట్లాంటిక్ దాటిస్తున్న 707లతో పోలిస్తే ఇందులో రెట్టింపు మంది పట్టేవారు. ఆ కొత్త విమానాన్ని చూసి లోకం అబ్బురపడింది. విమాన సంస్థల లెక్కల విభాగాల్లో మాత్రం గుబులు మొదలైంది. ఇన్ని సీట్లలో ఎవరిని కూర్చోబెట్టాలి?

ఆ గుబులుకి కారణం సీటు స్వభావంలోనే ఉంది. సాయంత్రం రైతుబజారులో మిగిలిపోయిన తోటకూర కట్టకైనా మర్నాటి ఉదయం దాకా కొంత ప్రాణం ఉంటుంది. విమానంలో సీటుకి అదీ లేదు. తలుపులు మూసుకున్న క్షణాన ఖాళీగా ఉన్నదేదైనా ఆ ప్రయాణం వరకు పోయినట్టే. పైగా విమానం ఎగరడానికయ్యే ఖర్చులో చాలా భాగం ముందే ఖాయమైపోయి ఉంటుంది. విమానం కొనడానికి చేసిన అప్పు మీద వడ్డీ, సిబ్బంది జీతాలు, ఇంధనం, విమానాశ్రయాల రుసుములు, ఇవన్నీ ఎంతమంది ఎక్కినా దాదాపు అంతే. ఒక మనిషి అదనంగా ఎక్కితే పెరిగేది ఒక భోజనం, కాస్త ఇంధనం. కాబట్టి ఖాళీగా పోబోయే సీటుని ఎంతకి అమ్మినా లాభమే. అలాగని అన్ని సీట్లూ చవగ్గా అమ్మేస్తే ఆ ఖాయమైన ఖర్చు రాబట్టుకునే దారి ఉండదు, సంస్థ మునిగిపోతుంది. ఈ రెండు నిజాలూ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నుంచి దారి వెతకడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

మొదటి అడుగు లండన్‌లో పడింది. ఇప్పటి బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి పూర్వరూపమైన బ్రిటిష్ ఓవర్సీస్ ఎయిర్‌వేస్ కార్పొరేషన్, అంటే బీఓఏసీ, 1970ల మొదట్లో ఒక కొత్త టికెట్టు అమ్మడం మొదలుపెట్టింది. ప్రయాణానికి కనీసం 21 రోజుల ముందు బుక్ చేసుకుంటే ఛార్జీ తక్కువ. సెలవులకి ఊరెళ్ళే కుటుంబానికి మూడు వారాల ముందు టికెట్టు తీసుకోవడం కష్టం కాదు. వ్యాపారం పని మీద వెళ్ళేవాడికి తన ప్రయాణం సంగతి మూడు రోజుల ముందైనా తెలుస్తుందో లేదో! అతను పూర్తి ఛార్జీ ఇచ్చుకోక తప్పదు. విమానం ఒకటే, వరస ఒకటే, కుర్చీ ఒకటే. అమ్మేవాడికి మాత్రం ఇవి రెండు సరుకులు. ఒకటి దొరక్కపోతే కొనేవాడు రెండోదానికి మళ్ళగలడు. రెంటికీ కలిపి ఉన్నవి మాత్రం లెక్కపెట్టినన్ని సీట్లే.

చిక్కంతా ఎవరు ముందొస్తారన్న దగ్గర వచ్చింది. తక్కువ ఇచ్చేవాడు ముందొస్తాడు, ఎక్కువ ఇచ్చేవాడు ఆఖర్న వస్తాడు. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చవక టికెట్లు ఇచ్చుకుంటూ పోతే, బయల్దేరడానికి రెండు రోజుల ముందు పూర్తి ఛార్జీ చేతబట్టుకుని వచ్చే మనిషికి సీటుండదు. అతను పోటీ సంస్థ కౌంటర్‌కి వెళ్ళిపోతాడు. పోనీ అతని కోసమని బోలెడు సీట్లు ఆపి ఉంచితే, అతను రాని రోజున విమానం సగం ఖాళీగా ఎగురుతుంది. ఆపిన ఒక్కో సీటు దగ్గరా వెనక్కి పంపేసిన ఒక సెలవుల కుటుంబం ఉంటుంది.

మొదట అందరికీ తోచిన ఉపాయం సులువైనదే. ప్రతి విమానంలో ఇంత శాతమని సీట్లు పక్కన పెట్టేయడం. అది పనిచేయలేదు. సోమవారం ఉదయం విమానానికీ శనివారం మధ్యాహ్నం విమానానికీ పోలికే లేదు. వేసవి వేరు, చలికాలం వేరు. ఒక దారిలో ఆఫీసు పనివాళ్ళు ఎక్కువ, మరో దారిలో విహారానికి వెళ్ళేవాళ్ళు ఎక్కువ. ఒకే శాతాన్ని అన్నిటికీ అంటగడితే ఇక్కడ సీట్లు చాలవు, అక్కడ మిగిలిపోతాయి.

ఈ చిక్కుని పట్టుకుని కూర్చున్నవాడు బీఓఏసీలో పనిచేసే కెన్ లిటిల్‌వుడ్. విమాన సంస్థల్లో గణితం చేసేవాళ్ళకి 1961లో మొదలైన ఒక సంఘం ఉంది. సభ్యులు ఏటా ఒకచోట చేరి తమ తిప్పలు చెప్పుకునేవారు. 1972లో వాళ్ళు ఇజ్రాయెల్‌లోని నెతన్యా పట్టణంలో కలిసినప్పుడు లిటిల్‌వుడ్ తన పత్రం సమర్పించాడు. పేరు చప్పగా ఉంది: ప్రయాణికుల బుకింగ్‌ల అంచనా, నియంత్రణ. లోపల ఉన్న ఆలోచన మాత్రం వజ్రం.

దాన్ని రూపాయల్లో చెప్పుకుందాం. పూర్తి ఛార్జీ 10,000, చవక ఛార్జీ 4,000 అనుకోండి. ఒకాయన 4,000 పట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డాడు. సీటు ఇవ్వాలా, ఆపాలా? ఆపితే అది తర్వాత 10,000కి అమ్ముడుపోవచ్చు, అసలు అమ్ముడుపోకనూపోవచ్చు. అమ్ముడుపోయే అవకాశం 60 శాతం ఉంటే ఆపిన సీటు విలువ సగటున 6,000. చేతిలో ఉన్న 4,000 కంటే అది ఎక్కువ, కాబట్టి ఆపాలి. ఇలా ఒక్కో సీటూ ఆపుకుంటూ పోతే అవకాశం తగ్గుతూ వస్తుంది. ఎందుకంటే మొదటి సీటు అమ్ముడుపోవడానికి ఆఖరి రోజుల్లో ఒక్కరు వస్తే చాలు, ఇరవయ్యో సీటు అమ్ముడుపోవాలంటే ఇరవై మంది రావాలి. ఏ సీటు దగ్గర అవకాశం సరిగ్గా 40 శాతానికి దిగుతుందో అక్కడ గీత గీయాలి. ఆ గీతకి అవతల ఉన్న సీట్లన్నీ చవగ్గా అమ్మేయవచ్చు.

అంతే! అందులో ఉన్నది ఒక్క గుణకారం, ఒక్క పోలిక. మన రైళ్ళలో తత్కాల్ కోసం కొన్ని బెర్తులు విడిగా ఉంచడం తెలిసినవాళ్ళకి సీట్లు ఆపే ఆలోచన కొత్తగా అనిపించకపోవచ్చు. ఎన్ని ఆపాలన్నది ఊహకీ అలవాటుకీ వదిలేయకుండా లెక్కలోకి తెచ్చినవాడు లిటిల్‌వుడ్. సీటు మీద రాసి ఉన్న ధరని పక్కనబెట్టి, ఇంకా రాని మనిషి వస్తాడా రాడా అన్న సందేహానికి ధర కట్టడం అతని గొప్పతనం.

ఆ లెక్క రెండు షరతుల మీద నిలబడింది. చవక టికెట్టువాళ్ళందరూ ముందే వచ్చేస్తారనేది ఒకటి. రెండు గుంపులకీ సంబంధం లేదనేది రెండోది. అంటే చవక టికెట్టు దొరక్కపోతే ఆ మనిషి ఇంటికి పోతాడు తప్ప పూర్తి ఛార్జీ ఇవ్వడు. పూర్తి ఛార్జీ ఇచ్చేవాడు కూడా చవక టికెట్టు వైపు చూడడు. 21 రోజుల నిబంధన కాపలా ఉన్నంతకాలం రెండో షరతు దాదాపు నిజమే. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ షరతే తిరగబడింది. ఆ సంగతికి ముందుముందు వస్తాం.

లిటిల్‌వుడ్ పత్రం సమావేశాల సంపుటిలో అచ్చయింది. ఆ చిన్న బృందం బయట దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2005లో ఒక పత్రిక దాన్ని మళ్ళీ అచ్చువేసే నాటికి ఆ సూత్రం మీద ఒక శాస్త్రమే లేచి నిలబడింది. మధ్యలో జరిగిందంతా ఎక్కువగా అమెరికా కథ.

అమెరికాలో 1938 నుంచీ ఏ సంస్థ ఏ ఊరికి ఎగరాలో, ఎంత ఛార్జీ తీసుకోవాలో సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు నిర్ణయించేది. ధర తన చేతిలో లేని వ్యాపారికి ధర గురించి ఆలోచించే అవసరం ఉండదు. సంస్థలు భోజనంలోనూ సేవల్లోనూ పోటీ పడేవి. 1970ల నడుమ ఛార్టర్ విమానాలవాళ్ళు చౌక ప్రయాణాలతో ముందుకొచ్చేసరికి పెద్ద సంస్థల నిద్ర చెదిరింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో అప్పుడు మార్కెటింగ్ చూస్తున్నవాడు రాబర్ట్ క్రాండాల్. తెల్లవారకముందే పనిలో దిగే మొండి మనిషి. ప్రయాణికుల సలాడ్‌లోంచి ఒక్క ఆలివ్ కాయ తీసేయించి ఏడాదికి వేల డాలర్లు మిగిల్చాడని ఆయన గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

క్రాండాల్‌కి తట్టిన విషయం ఇది. చౌక సంస్థలకి ఖర్చు తక్కువ కావచ్చు. కానీ తన విమానాల్లో ఖాళీగా పోతున్న సీట్ల కంటే తక్కువ ఖర్చుతో సీటు తయారు చేయగలవాడు లోకంలో లేడు. వాటికయ్యే ఖర్చు దాదాపు సున్నా. ఆ ఖాళీ సీట్లనే ఆయుధం చేసుకుంటే ఎవరితోనైనా తలపడవచ్చు. అడ్డు వచ్చేవి రెండే ప్రశ్నలు. ఏ సీటు ఖాళీగా పోబోతోందో ముందే ఎలా తెలుసుకోవాలి? వ్యాపారస్తులు ఈ చౌక టికెట్లకి ఎగబడకుండా ఎలా ఆపాలి?

1977 వసంతంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సూపర్ సేవర్ టికెట్లు తెచ్చింది. వారాల ముందే కొనాలి, వెళ్ళినచోట కొన్ని రోజులు ఉండి తీరాలి. రెండో ప్రశ్నకి అది జవాబు. మొదటి ప్రశ్న దగ్గర మాత్రం వాళ్ళు బీఓఏసీ పడిన గోతిలోనే పడ్డారు. ప్రతి విమానంలోనూ ఇన్ని చవక సీట్లని ఒకే లెక్క పెట్టుకున్నారు. కొన్ని విమానాల్లో అవి గంటల్లో అయిపోయేవి, కొన్నిట్లో ఆఖరిదాకా మిగిలేవి. ఒక్కో విమానానికీ దాని బయల్దేరే తేదీని బట్టి విడిగా లెక్క వేయాలన్న సంగతి అప్పుడు తలకెక్కింది. రోజుకి ఎన్నెన్నో విమానాలు, ఒక్కోదానికీ నెలల ముందు నుంచీ బుకింగ్‌లు. చేత్తో చేసే పని కాదది.

ఇక్కడ ఒక యాదృచ్ఛికం వాళ్ళకి కలిసొచ్చింది. 1953లో లాస్ ఏంజెలిస్ నుంచి న్యూయార్క్ వెళ్ళే విమానంలో ఐబీఎం అమ్మకాల ఉద్యోగి బ్లెయిర్ స్మిత్ పక్కన మరో స్మిత్ కూర్చున్నాడు. ఇంటిపేర్లు కలిశాయని మాట కలిసింది. ఆ రెండో ఆయన అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధ్యక్షుడు సి. ఆర్. స్మిత్. అప్పట్లో బుకింగ్ అంటే గుండ్రంగా తిరిగే పెట్టె చుట్టూ మనుషులు కూర్చుని విమానానికో కార్డు వెతికి గుర్తులు పెట్టడం. ఆ మాటల్లోంచి పుట్టిన కంప్యూటర్ వ్యవస్థే సేబర్. 1964 నాటికి అమెరికన్ బుకింగ్‌లన్నీ దానిమీదికి మళ్ళాయి. టికెట్లు తప్పుల్లేకుండా ఇవ్వడానికి కట్టిన యంత్రం అది. అయితే ఏ విమానానికి ఎన్ని రోజుల ముందు ఎన్ని సీట్లు ఏ ధరకి పోయాయో కూడా అందులో దాఖలవుతూ వచ్చింది. ఆ రికార్డులు ఎందుకు పనికొస్తాయో కట్టినప్పుడు ఎవరూ పెద్దగా ఆలోచించి ఉండరు. లిటిల్‌వుడ్ అడిగిన అవకాశాల శాతాలు తీయడానికి కావలసింది సరిగ్గా అదే.

1978 అక్టోబరు 24న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ విమానయానం మీది నియంత్రణలు తొలగించే చట్టం మీద సంతకం చేశాడు. ఎవరైనా ఎక్కడికైనా ఎంతకైనా ఎగరొచ్చు. 1981 ఏప్రిల్‌లో డొనాల్డ్ బర్ అనే ఆయన న్యూఆర్క్ కేంద్రంగా పీపుల్ ఎక్స్‌ప్రెస్ మొదలుపెట్టాడు. లుఫ్తాన్సా వాడి పక్కనపెట్టిన మూడు బోయింగ్ 737లు, మొదట బఫలో, కొలంబస్, నార్ఫోక్ ఊళ్ళకి సర్వీసులు. టికెట్టు డబ్బు విమానంలోనే వసూలు చేసేవారు. పెట్టె లగేజీలో వేస్తే 3 డాలర్లు. ఉద్యోగి ప్రతివాడూ సంస్థలో వాటాదారు కావాలి. ఛార్జీలు నమ్మలేనంత తక్కువ, పైగా ఎక్కేవాళ్ళందరికీ ఇంచుమించు ఒకటే. విద్యార్థులు, ముసలివాళ్ళు, అంతకుముందు బస్సుల్లో తిరిగినవాళ్ళు మొదటిసారి విమానమెక్కారు. నాకు ఈ సంస్థ మీద గౌరవం ఉంది. మామూలు మనిషికి ఆకాశం అందించాలన్న ఆశ నిజమైనది, ఆ ఆశ కొన్నేళ్ళపాటు లాభం కూడా తెచ్చింది.

1985 జనవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ దెబ్బ కొట్టింది. అల్టిమేట్ సూపర్ సేవర్ పేరుతో పీపుల్ ఎక్స్‌ప్రెస్ ఛార్జీలకి దీటైన, కొన్నిచోట్ల అంతకంటే తక్కువైన ధరలు ప్రకటించింది. తేడా ఏమిటంటే అమెరికన్ ఆ ధర అందరికీ ఇవ్వలేదు. ముందే కొనాలి, శనివారం రాత్రి వెళ్ళినచోటే గడపాలి. శనివారం రాత్రి పిల్లాపాపలతో ఇంట్లో ఉండాలనుకునే వ్యాపారస్తుడు ఆ టికెట్టు కొనడు. అన్నిటికంటే ముఖ్యం, ఏ విమానంలో ఎన్ని చవక సీట్లు తెరవాలో, ఎప్పుడు మూయాలో కంప్యూటర్ సాయంతో విమానం విమానానికీ తేల్చుకుంటోంది. ఖాళీగా పోయే సీటుని బర్ ధరకి అమ్మింది, నిండే సీటుని పాత ధరకే అమ్మింది. పీపుల్ ఎక్స్‌ప్రెస్‌కి అలాంటి వ్యవస్థ లేదు. సోమవారం ఉదయం ఎంత రద్దీ ఉన్నా దాని సీటు అదే చౌక ధరకి పోయేది. ఫ్రాంటియర్ అనే మరో సంస్థని కొని తలకి మించిన భారం ఎత్తుకోవడం కూడా తోడై, 1986లో అది టెక్సాస్ ఎయిర్‌కి అమ్ముడుపోయింది. 1987 ఫిబ్రవరిలో కాంటినెంటల్‌లో కలిసిపోయింది. తనకున్నంత పరిజ్ఞానం ఎదుటివాడికి లేకపోవడమే అమెరికన్ బలమైందని ఆ తర్వాత బర్ స్వయంగా ఒప్పుకున్నాడు.

ఈలోగా లెక్క కూడా ఎదగాల్సి వచ్చింది. లిటిల్‌వుడ్ సూత్రం రెండు ధరలకి సరిపోతుంది. 1980లలో ఒకే విమానంలో ఐదారు ధరలు, అంతకంటే ఎక్కువా ఉండేవి. ఆరో తరగతి టికెట్టు అడిగినవాడికి సీటు ఇస్తే అది ఐదో తరగతివాడి దగ్గర నుంచి లాక్కున్నట్టా, మొదటి తరగతివాడి దగ్గర నుంచా? మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పీటర్ బెలోబాబా ఈ ముడి మీద డాక్టరేట్ చేశాడు. ఆయన గ్రంథం 1987లో పూర్తయింది. పై తరగతుల్ని ఒక్కొక్కటిగా కింది తరగతితో జత కట్టి, ప్రతి జతకీ లిటిల్‌వుడ్ పోలికే వేసి, ఆపాల్సిన సీట్లన్నీ కూడాడు. గణితపరంగా ఇది దగ్గరి దారే తప్ప కచ్చితమైన జవాబు కాదని ఆయనకి తెలుసు. వెస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానాల మీద పరీక్షిస్తే ఆదాయం పెరిగింది. తర్వాత కొన్నేళ్ళకి వేరే గణితజ్ఞులు కచ్చితమైన జవాబు కనుక్కుని పక్కన పెట్టి చూస్తే, మామూలు పరిస్థితుల్లో బెలోబాబా దగ్గరి దారి దానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. కచ్చితమైన లెక్క కోసం ఆగకుండా పనిచేసే లెక్కని పట్టుకోవడం కూడా ఒక ప్రతిభే. లోకమంతా చాలాకాలం వాడింది ఆయన పద్ధతినే.

మరో మెలిక: ఊరి నుంచి ఊరికి నేరుగా వెళ్ళేవాళ్ళు కొందరే. తక్కినవాళ్ళు డాలస్ లాంటి పెద్ద కూడలిలో దిగి ఇంకో విమానం ఎక్కేవాళ్ళు. అలాంటి మనిషి రెండు విమానాల్లో సీటు వాడుకుంటాడు, రెంటికీ కలిపి ఒకే ఛార్జీ ఇస్తాడు. అతనికి టికెట్టు ఇవ్వాలా వద్దా? జవాబు చాలా పాత చోట సిద్ధంగా ఉంది. 1938లో లెనిన్‌గ్రాడ్‌లో లియోనిడ్ కాంటొరోవిచ్ అనే యువ గణితజ్ఞుడి దగ్గరికి ఒక ప్లైవుడ్ సంస్థ వచ్చింది. తమ యంత్రాలకి పని ఎలా పంచాలో చెప్పమంది. ఆ లెక్క విప్పుతూ ఆయన గమనించిందేమిటంటే, కొరతగా ఉన్న ప్రతి యంత్రం గంటకీ లెక్కలోంచి ఒక విలువ దానంతటదే పుడుతుంది. ఇంకొక్క గంట దొరికితే లాభం ఎంత పెరుగుతుందో అదే ఆ గంట విలువ. బజారులో దానికి ధర లేకపోయినా లెక్కలో ఉంది. అర్థశాస్త్రజ్ఞులు దాన్ని నీడ ధర అంటారు. ఈ పనికే కాంటొరోవిచ్‌కి 1975లో నోబెల్ వచ్చింది. 1980ల చివర, 1990ల మొదట్లో మసాచుసెట్స్‌లోనే రాబర్ట్ సింప్సన్, ఆయన తర్వాత ఎలిజబెత్ విలియమ్సన్ ప్రతి విమానంలోని సీటుకీ అలాంటి నీడ ధర కట్టారు. ప్రయాణికుడు వాడుకునే సీట్ల నీడ ధరల్ని కూడితే వచ్చే మొత్తం కంటే అతను ఇచ్చే ఛార్జీ ఎక్కువైతే టికెట్టు ఇవ్వాలి, లేకపోతే లేదు. సీట్లు మిగిలేలా ఉన్న విమానంలో నీడ ధర సున్నా. పండుగ ముందు రోజు అది ఆకాశంలో ఉంటుంది.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ బృందం తరఫున బారీ స్మిత్, జాన్ లీమ్‌కూలర్, రాస్ డారో తమ వ్యవస్థ గురించి చెప్పి 1991లో ఇలాంటి లెక్కలకిచ్చే ఎడెల్మన్ బహుమతి గెలుచుకున్నారు. మూడేళ్ళలో దానివల్ల సంస్థకి కలిగిన లాభం 140 కోట్ల డాలర్లని వాళ్ళ అంచనా. కొత్త విమానం ఒక్కటి కూడా కొనకుండా, ఉన్న సీట్లని ఎవరికి ఎప్పుడు అమ్మాలో తెలుసుకున్నందుకు వచ్చిన డబ్బు అది. హోటళ్ళు, కార్లు అద్దెకిచ్చే సంస్థలు ఈ విద్య నేర్చుకోవడానికి బారులు తీరాయి.

చిక్కు తీరిందనుకున్నారు. 2000 తర్వాత అది కొత్త రూపంలో తిరిగొచ్చింది. అమెరికాలో సౌత్‌వెస్ట్, జెట్‌బ్లూ, ఐరోపాలో రయనెయిర్, ఈజీజెట్ వంటి సంస్థలు నిబంధనలేవీ లేని టికెట్లు అమ్మసాగాయి. శనివారం రాత్రి గొడవ లేదు, రానూపోనూ కలిపి కొనాలన్న పట్టింపు లేదు. పోటీకి తట్టుకోలేక పెద్ద సంస్థలు కూడా తమ కంచెలు పీకేశాయి. ఇంటర్నెట్‌లో ధరలన్నీ ఒకే తెర మీద కనబడుతుంటే వ్యాపారస్తుడు మాత్రం ఎక్కువ ధర ఎందుకు ఇస్తాడు? చవకది తెరిచి ఉంటే చవకదే కొన్నాడు.

ఇప్పుడు కంప్యూటర్ ఏం చేసిందో చూడండి. ఈ నెల పూర్తి ఛార్జీ టికెట్లు తక్కువ పోయాయని నమోదు చేసుకుంది. వచ్చే నెల అలాంటి ప్రయాణికులు తక్కువే ఉంటారని అంచనా వేసింది. వాళ్ళ కోసం ఆపే సీట్లు తగ్గించి చవక సీట్లు పెంచింది. చవకవి ఇంకాస్త ఎక్కువ తెరిచి ఉండటంతో పూర్తి ఛార్జీ ఇచ్చేవాళ్ళు ఇంకా తగ్గారు. మళ్ళీ అంచనా తగ్గింది, మళ్ళీ చవక సీట్లు పెరిగాయి. ఏ ఒక్క మెట్టులోనూ కూడికల్లో తప్పు లేదు. అయినా సంస్థ ఆదాయం సుడిలో పడ్డట్టు కిందికి జారింది. 2006లో విలియం కూపర్, టిటో హోమెమ్ డి మెలో, ఆంటన్ క్లైవెగ్ట్ ఈ సుడి ఎలా పుడుతుందో గణితంతో నిరూపించారు. దోషం లిటిల్‌వుడ్ రెండో షరతులో ఉంది. చవక టికెట్టు కొనేవాళ్ళూ ఖరీదైనది కొనేవాళ్ళూ వేరువేరు మనుషులని లెక్క నమ్ముతోంది. కంచె తీసేశాక వాళ్ళు ఒకే మనుషులు.

దీనికి పునాది నుంచి పరిష్కారం వెతికినవాళ్ళు కల్యాణ్ తల్లూరి, గారెట్ వాన్ రైజిన్. 2004లో వాళ్ళు ప్రశ్ననే మార్చేశారు. ఈ ధరకి ఎంతమంది వస్తారని అడగడం మానేసి, వచ్చిన మనిషి ముందు ఈ ఈ టికెట్లు పెడితే దేన్ని ఎంచుకుంటాడని అడిగారు. ఒకదానికొకటి బదులయ్యే సరుకుల్లో ఏ ఒక్కదానికీ విడిగా గిరాకీ ఉండదు. పక్కన ఏమున్నదాన్ని బట్టే దాని గిరాకీ.

ఇందులోంచి వచ్చిన ఫలితం చాలామందికి మొదట మింగుడుపడలేదు. మళ్ళీ రూపాయల్లో చూద్దాం. పది మంది ప్రయాణికులున్నారు. 10,000 టికెట్టు ఒక్కటే తెరిచి ఉంచితే నలుగురు కొంటారు, 40,000 వస్తుంది. 6,000 టికెట్టు కూడా తెరిస్తే పది మందీ అదే కొంటారు, 60,000 వస్తుంది. చవకది తెరిచినందువల్ల పెరిగిన రాబడి 20,000, అదనంగా ఖర్చయిన సీట్లు ఆరు. అంటే ఆ చవక టికెట్టు వల్ల ఒక్కో అదనపు సీటు మీద వచ్చేది 3,333 మాత్రమే. టికెట్టు మీద 6,000 అని అచ్చయినా దాని అసలు విలువ అందులో సగానికి కాస్త పైన. సీటు నీడ ధర 4,000 ఉన్న రోజున పాత లెక్క 6,000 టికెట్టు సంతోషంగా అమ్మేస్తుంది, కొత్త లెక్క దాన్ని మూసేస్తుంది. 2010లో థామస్ ఫీగ్, కార్ల్ ఐజ్లర్, క్రెయిగ్ హాపర్‌స్టాడ్, వాళ్ళతో పాటు మన పాత బెలోబాబా కలిసి, ప్రతి ఛార్జీనీ ఇలా దాని అసలు విలువకి దించేస్తే పాత కంప్యూటర్ వ్యవస్థల్నే కొద్ది మార్పుతో వాడుకోవచ్చని చూపించారు. అప్పటికి దాదాపు నాలుగు దశాబ్దాల కిందట లిటిల్‌వుడ్ వేసిన పోలికే మళ్ళీ పనికొచ్చింది, పోల్చే అంకె మాత్రం మారింది.

ఈ కథలోని చివరి పాఠం మన పట్టాల మీద కూడా నడిచింది. 2016 సెప్టెంబరు 9 నుంచి భారతీయ రైల్వే రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్ళలో ఫ్లెక్సీ ఛార్జీలు పెట్టింది. మొదటి 10 శాతం బెర్తులు మామూలు ధరకి, ఆ తర్వాత ప్రతి 10 శాతానికీ ధర 10 శాతం చొప్పున పెరుగుతూ ఒకటిన్నర రెట్ల దాకా. రైలు ఏదైనా, కాలం ఏదైనా, దారి ఏదైనా మెట్లు అవే. ఆదాయం పెరిగిన మాట నిజం. అయితే తొలి పదకొండు నెలల లెక్కలు చూసిన కాగ్ ఆ రైళ్ళలో ప్రయాణికులు ఆరున్నర లక్షలకు పైగా తగ్గారని తేల్చింది. రాజధానిలో పై మెట్టు ధర చూసిన మనిషి ముందు అదే దారిలో వెళ్ళే మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ళున్నాయి, చాలాసార్లు అదే ధరకి విమానం టికెట్టు ఉంది. 2018 అక్టోబరులో రైల్వే ఈ పద్ధతిని సగం కూడా నిండని 15 రైళ్ళలో పూర్తిగా ఎత్తేసింది, మరో 32 రైళ్ళలో రద్దీ లేని నెలల్లో ఆపేసింది, తక్కిన వాటిలో పై హద్దుని ఒకటిన్నర రెట్ల నుంచి 1.4 రెట్లకి తగ్గించింది.